పెరటి కోళ్లు: ఏ రకం కావాలో ఆదివారంలోపు చెప్పండి

అందరికీ నమస్కారమండీ. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థకు సోమవారం ఆర్డర్ పెడుతున్నాం. ఆదివారం సాయంత్రం 6 లోపు మీ పేరు, రకం, ఎన్ని పిల్లలు కావాలో ఇక్కడే రాయండి.

గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా తీసుకోండి. బరువు బాగా వస్తుంది, పెరట్లో తిరుగుతూ ఏడాదికి 100-110 గుడ్లు పెడుతుంది. శ్రీనిధి గుడ్లు ఇంకాస్త ఎక్కువే. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. వీటిని పొదగడానికి మాత్రం నమ్ముకోవద్దు, పిల్లలు తీయాలంటే ఇంట్లో నాటుపెట్ట ఉండాల్సిందే.

పిల్లలు రాకముందే ఊక పరిచి, బల్బు బిగించి ఉంచండి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ముద్దగా చేరితే చలేస్తున్నట్టు, దూరంగా పోతే వేడి ఎక్కువైనట్టు.

పిల్లలకు ఏడో రోజు వయసులో కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే కోళ్ల అంటువ్యాధి) టీకా చుక్క కంట్లో వేయించడం మర్చిపోకండి, ప్లీజ్!