కుర్దు పిల్లల గుండె ఆపరేషన్లు: సాయం ముందూ వెనకా కూడా కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇరాక్‌లోని కుర్దిస్తాన్ నుంచి గుండెజబ్బున్న పిల్లల్ని ఆపరేషన్ కోసం వేరే దేశాలకు తీసుకెళ్లారన్న వార్తలు తెలుగు పత్రికల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. అవి దాదాపు ఎప్పుడూ ఆపరేషన్ విజయవంతమైందన్న మాట దగ్గరే ముగుస్తాయి. విరాళాలిచ్చేవాళ్లూ అంతవరకే లెక్క చూస్తారు: ఎంత ఇచ్చాం, ఎన్ని ఆపరేషన్లు జరిగాయి. ఈ పిల్లలతో, వాళ్ల తల్లులతో పనిచేసేవాళ్లుగా మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. బిడ్డ నిలదొక్కుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాల్లో, తర్వాతి మూడు నెలల్లో తేలిపోతుంది. డబ్బు అక్కడికి చేరడం లేదు.

ఎక్కడైనా సరే, పుట్టే ప్రతి వెయ్యి మందిలో 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కుర్దిస్తాన్‌లో ఎర్బిల్, సులేమానియా, దుహోక్ నగరాల్లో గుండెకు వైద్యం చేసే కేంద్రాలున్నాయి, మంచి డాక్టర్లున్నారు. కానీ నెలల పసికందుకు క్లిష్టమైన ఆపరేషన్ చేయాలంటే సర్జన్ ఒక్కడు చాలడు. పసిపిల్లల మత్తు డాక్టరు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపేవాళ్లు, రాత్రంతా మంచం పక్కనుండే ఐసీయూ నర్సులు, అందరూ ఒకేచోట దొరకాలి. అందుకే కొందరు పిల్లలు బయటికి వెళ్లక తప్పదు. పైగా 2014 నుంచి అక్కడ ప్రభుత్వ జీతాలు పదే పదే ఆలస్యమవుతున్నాయి. టీచరుగానో పోలీసుగానో పనిచేసే తండ్రి కూడా వచ్చే నెల జీతాన్ని నమ్ముకుని టికెట్టు కొనలేడు.

ఆలస్యం వల్ల జరిగే నష్టం ఒక్కో జబ్బులో ఒక్కోలా ఉంటుంది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారైన బిడ్డకు వాటిని మార్చే ఆపరేషన్ పుట్టిన రెండు మూడు వారాల్లోనే జరగాలి, తర్వాత ఎడమ గది కండరం బలం కోల్పోతుంది. గుండె కింది గదుల మధ్య పెద్ద చిల్లు ఉన్న బిడ్డ మాత్రం పాలు తాగలేక, చెమటలు పడుతూ, బరువు పెరగకుండా నెలల తరబడి నెట్టుకొస్తుంది. ఆ తర్వాత ఒక దశలో కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. నిజానికి ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి అటు రక్తం పోవడం తగ్గింది, అందుకే ఆయాసం తగ్గింది. ఆ దశ దాటాక చిల్లు మూస్తే మేలు కన్నా చేటే ఎక్కువ. అందుకే ఆలస్యంగా వచ్చిన పిల్లలకు ముందు క్యాథ్ పరీక్షలో, అంటే రక్తనాళం గుండా గుండెలోకి సన్నని గొట్టం పంపి, ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధాన్ని కొలుస్తారు. శరీర పరిమాణానికి సరిచూసిన లెక్కలో 4 వుడ్ యూనిట్ల (ఈ నిరోధాన్ని కొలిచే ప్రమాణం) లోపైతే ధైర్యంగా ఆపరేషన్‌కు వెళ్తారు, 8 దాటితే సాధారణంగా వద్దంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. ఈ గట్టిపడటం వాళ్లలో ఇంకా త్వరగా వస్తుంది కాబట్టి మూడు నుంచి ఆరు నెలల వయసులోనే చేయించాలి. జాబితాలో పేరు రాసేటప్పుడు ఎవరు ముందు వచ్చారన్నది కాదు, ఎవరికి గడువు దగ్గరపడుతోందన్నది చూడాలి.

ఆపరేషన్ కుదరదని తేలితే ఆ మాట తల్లికి తన భాషలో, కూర్చోబెట్టి, ఎందుకో వివరించి చెప్పాలి. లేకపోతే డబ్బు చాలకే వద్దన్నారనుకుని ఇల్లూ పొలమూ అమ్మి మరో దేశానికి పరుగెత్తుతారు.

అక్కడ దగ్గరి బంధువుల మధ్య, ముఖ్యంగా అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లిళ్లు మామూలే. దానివల్ల గుండె లోపాల అవకాశం కొంత పెరుగుతుంది. ఆ మాట ఆస్పత్రిలో ఎవరైనా తేలిగ్గా అనేస్తే, ఇంటికెళ్లాక నింద మొత్తం తల్లి మీద పడుతుంది. అవసరమైతే ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ కలిపి, వచ్చే కాన్పులో 18 నుంచి 22 వారాల మధ్య కడుపులోని శిశువు గుండెకు స్కాన్ చేయించుకోవచ్చన్న సలహాతో కలిపి చెప్పాలి.

ప్రయాణానికి ముందు చిక్కులన్నీ పేర్ల దగ్గరే మొదలవుతాయి. ఇరాకీ కుర్దు బిడ్డ పేరంటే తన పేరు, తండ్రి పేరు, తాత పేరు. తల్లి పెళ్లయ్యాక భర్త పేరు పెట్టుకోదు. అంటే పాస్‌పోర్టుల్లో తల్లీబిడ్డల పేర్లు కలవవు. వీసా అధికారికి అనుమానం వస్తుంది, ఆస్పత్రి కంప్యూటర్లో తాత పేరు ఇంటిపేరైపోతుంది. ఒకే పేరును ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఒకలా, రక్తం గ్రూపు కాగితంలో మరోలా ఇంగ్లిషులో రాస్తారు. రక్తం ఎక్కించే చోట ఈ తేడా ప్రమాదం. మొదటి రోజే పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలనే ఖాయం చేసుకుని ప్రతి కాగితం మీదా అవే రాయాలి. బంధుత్వం చూపే జనన పత్రానికి, తండ్రి అనుమతి పత్రానికి ధ్రువీకరించిన అనువాదాలు ముందే చేయించాలి.

దుబాసీ విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఇరాక్ అనగానే ఆస్పత్రులు అరబిక్ దుబాసీని పిలుస్తాయి. 1991 తర్వాత కుర్దిస్తాన్‌లో పెరిగిన తరం బడిలో కుర్దు భాషలోనే చదువుకుంది, చాలామంది తల్లులకు అరబిక్ రాదు. అర్థం కాకపోయినా మర్యాద కోసం తల ఊపుతారు. కుర్దు అన్నా ఒకటే కాదు: సులేమానియా, ఎర్బిల్ వైపు సొరానీ, దుహోక్ వైపు కుర్మాంజీ మాండలికమైన బాదీనీ. 2014 ఆగస్టులో ఐసిస్ దాడితో సింజార్ నుంచి తరిమివేతకు గురై దుహోక్ ప్రాంతంలోని శార్యా, ఖాంకే శిబిరాల్లో తలదాచుకున్న యజీదీలనే మైనారిటీ మతస్థులదీ కుర్మాంజీయే. దుహోక్ దగ్గరి దోమీజ్ శిబిరంలోని సిరియా కుర్దులు మాత్రం బడిలో అరబిక్ చదివినవాళ్లు. కాబట్టి ఏ ఊరు, ఏ మాట, ఏ లిపి అని ముందే అడిగి రాసుకోవాలి. అసలు చదువు రాని తల్లి ఉంటే మందుల కాగితం మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, సిరంజి మీద ఎంతవరకు లాగాలో రంగు గీత గీయాలి. పెద్ద పిల్లల్ని దుబాసీలుగా వాడుకోవద్దు, తన రోగం కబురు బిడ్డే తల్లికి మోయకూడదు.

విమానం గురించి. ప్రయాణంలో క్యాబిన్ గాలి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నట్టుంటుంది. నేల మీద 21 శాతం ఆక్సిజన్ పీల్చే మనకు అది 15 నుంచి 17 శాతం పీల్చినట్టే. అప్పటికే నీలంగా ఉన్న బిడ్డకు ఇది చిన్న విషయం కాదు. ఎయిర్‌లైన్ వైద్య ఫారం కనీసం మూడు నాలుగు రోజుల ముందే పంపి ఆక్సిజన్ ఏర్పాటు ఖాయం చేసుకోవాలి. ఫాలో టెట్రాలజీ (ఒంటిని నీలంగా మార్చే, నాలుగు లోపాలు కలిసిన గుండెజబ్బు) ఉన్న బిడ్డ ఉన్నట్టుండి గుక్కపెట్టి ఏడ్చి నల్లబడిపోతే మోకాళ్లను ఛాతీకి ఆనించి పట్టుకుని, జోకొట్టి, ఆక్సిజన్ పెట్టాలని వెంట వెళ్లే ప్రతి ఒక్కరికీ చేసి చూపించాలి. దారంతా నీళ్లో పాలో పడుతూనే ఉండాలి. ఈ పిల్లల రక్తం చిక్కగా ఉంటుంది, ఒళ్లు ఎండిపోతే మెదడులో గడ్డకట్టే ప్రమాదం ఉంది. దారి కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2017 సెప్టెంబరులో కుర్దిస్తాన్ స్వాతంత్ర్యంపై జరిగిన రెఫరెండం తర్వాత ఎర్బిల్, సులేమానియా విమానాశ్రయాలకు అంతర్జాతీయ విమానాలను బాగ్దాద్‌లోని ఇరాక్ ప్రభుత్వం నెలల తరబడి ఆపేసింది. రెండో దారి ఏదో ముందే అనుకుని ఉండాలి.

చేరాక ఆపరేషన్ వాయిదా పడటానికి మామూలు కారణాలు రెండు: జలుబు, పుచ్చిన పళ్లు (వాటిలోని క్రిములు రక్తం ద్వారా గుండెకు చేరవచ్చు). దగ్గూ జ్వరమూ ఉన్న బిడ్డను గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద పెడితే తర్వాత వెంటిలేటర్ నుంచి తప్పించడం కష్టం, అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు. ఆ వారాల బస, తిండి ఎవరి బడ్జెట్‌లోనూ ఉండదు. పళ్లకు మాత్రం బయల్దేరేముందే ఎర్బిల్‌లోనో దుహోక్‌లోనో వైద్యం చేయించుకోవచ్చు. తీపి టీ తాగే అలవాటు అక్కడి పసిపిల్లలకూ ఉంది. పళ్లతో పాటు ఒంట్లో ఇనుమునూ ఆ టీ దెబ్బతీస్తుంది, భోజనంతో పాటు తాగితే ఇనుము ఒంటబట్టదు. కనీసం భోజనానికి గంట ఎడం పెట్టమని చెప్పాలి.

ఐసీయూలో గడిచే రోజుల్ని డాక్టర్లు చూసుకుంటారు. మా వంతు పని తల్లికి ముందే ఫొటోలు చూపించడం: ఇది ఛాతీ డ్రెయిన్ (లోపలి రక్తం, నీరు బయటికి తీసే గొట్టం), ఇవి పేస్‌మేకర్ తీగలు, నోట్లో గొట్టం ఉన్నంతసేపు ఏడుపు వినిపించదు. నిర్ణయాలు తరచుగా ఊళ్లో ఉన్న తండ్రీ తాతా కలిసి తీసుకుంటారు, కాబట్టి సంతకానికి ముందే వాళ్లను వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి. రంజాన్‌లో తల్లి ఉపవాసం ఉంటే పాలు తగ్గవచ్చు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు మతంలోనే మినహాయింపు ఉందని మేము చెప్పడం కన్నా ఊళ్లోని ముల్లా ఫోన్‌లో చెబితే ఆమె మనసు కుదుటపడుతుంది.

ఇక ఇంటికి చేరాక. ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డను చంకల కింద పట్టి ఎత్తకూడదు, ఒక చెయ్యి పిరుదుల కింద, ఒకటి తలా వీపూ వెనక. వచ్చిపోయే బంధువులందరూ బిడ్డను ఎత్తుకోవాలనుకునే ఇంట్లో ఈ ఒక్క మాట అమలు చేయడమే కష్టం, నాయనమ్మకు నేర్పిస్తే ఆమె అందరికీ నేర్పుతుంది.

మేము అన్నిటికన్నా భయపడేది మందుల సీసాల గురించి. ఒంట్లో నీరు మూత్రంగా పోయేందుకిచ్చే ఫ్యూరోసెమైడ్ సిరప్ ఒక కంపెనీది 5 మి.లీ.లో 20 మి.గ్రా. ఉంటే మరోదానిలో 50 మి.గ్రా. ఉండొచ్చు. ఆస్పత్రి ఇచ్చిన సీసా అయిపోయి ఊళ్లో మరోటి కొంటే అదే గీత వరకు పోస్తారు, మోతాదు రెండున్నర రెట్లవుతుంది. కాగితం మీద మందు అసలు పేరు, మి.గ్రా., మి.లీ., సిరప్ బలం నాలుగూ రాయాలి. చెంచా వద్దు, సిరంజే వాడాలి. కనీసం మూడు నెలల మందులు చేతికిచ్చి పంపాలి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే సిల్డెనాఫిల్ లాంటి మందు ఒక్కసారిగా ఆగితే ఊపిరితిత్తుల రక్తపోటు విరుచుకుపడుతుంది.

రెండోది జ్వరం. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి ఆరు వారాల మధ్య గుండె చుట్టూ నీరు చేరవచ్చు. బిడ్డకు జ్వరం, వాంతులు, చిరాకు, తిండి మానేయడం. చూసినవాళ్లు కడుపు బాగోలేదనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తారు. ఎకో చేస్తేనే తేలుతుంది, సకాలంలో చూస్తే చాలాసార్లు మందులతోనే తగ్గుతుంది. అందుకే తిరిగి వెళ్లిన వారం పది రోజులకొకటి, నెలకొకటి, ఈ రెండు ఎకోలకు డబ్బూ డాక్టరు పేరూ ముందే ఖాయమై ఉండాలి.

ఊపిరితిత్తులకు రక్తం చేరవేసే కృత్రిమ గొట్టం (షంట్) పెట్టిన పసిబిడ్డకు విరేచనాలైతే అది అత్యవసరం. రక్తం చిక్కబడి గొట్టం మూసుకుపోతే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. 2022 వేసవిలో సులేమానియాలో కలరా వచ్చింది, ఎర్బిల్ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి, శిబిరాల్లో నీటి సంగతి చెప్పనక్కర్లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో ఉండాలి, రెండోసారి వాంతి కాగానే ఆస్పత్రికి బయల్దేరాలి.

తిండిలో అన్నీ మాన్పించక్కర్లేదు. నీళ్లు, ఉప్పు తగ్గించమన్న బిడ్డకు ఉప్పు వేసిన మాస్తావ్ మజ్జిగ కూడా లెక్కలోకి వస్తుందని చెప్పాలి. గుండెలో లోహపు కవాటం పెట్టించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే పిల్లలకు ద్రాక్షాకులతో, ఆకుకూరలతో చుట్టే యాప్రాఖ్ నిషేధం కాదు. ఒక వారం రోజూ తిని మరో వారం అసలు తినకపోతే రక్తం పలచబడే లెక్క, అంటే ఐఎన్ఆర్, తారుమారవుతుంది. మార్చి 21న వచ్చే నౌరోజ్ (కొత్త సంవత్సరం) విందుల తర్వాత ఒకసారి పరీక్ష చేయించుకోమంటే సరిపోతుంది. మూత్రం ఎక్కువ పోయే మందులు వాడే పన్నెండేళ్ల పిల్లలు రంజాన్‌లో ఉపవాసం ఉంటామంటే మాత్రం డాక్టరు మాట దాటకూడదు.

పత్రికలకు ఒక విన్నపం. పిల్లల ముఖాలు, ఊరి పేర్లు, ఏ దేశంలో ఆపరేషన్ జరిగిందో కలిపి వేయకండి. కొందరు కుర్దు పిల్లలు ఇజ్రాయెల్ ఆస్పత్రుల్లోనూ బతికి బయటపడ్డారు. 2022 మే నెలలో ఇరాక్ పార్లమెంటు ఆ దేశంతో సంబంధాలను మరణశిక్ష దాకా వెళ్లగల నేరంగా చట్టం చేసింది. బిడ్డ అక్కడ బతికిందన్నది మనకు మంచి వార్త, ఆ ఇంటికి పెనుప్రమాదం.

విరాళమిచ్చే పాఠకులు, కుర్దిస్తాన్‌లో, గల్ఫ్ ఆస్పత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులు ఏ సంస్థతో చేయి కలిపినా డబ్బిచ్చే ముందు కొన్ని సంగతులు అడగండి. దుబాసీకి జీతం ఇస్తున్నారా? వాయిదా పడితే బస ఖర్చు ఉందా? ఇంటికెళ్లాక రాత్రి పూట ఫోన్ ఎత్తేది ఎవరు, ఆ భాష వచ్చా? ఫాలో టెట్రాలజీ సరిచేసిన బిడ్డకు పెద్దయ్యాక గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారిలోని కవాటం మార్చాల్సి రావచ్చు, ఆ ఆపరేషన్ నోటు, ఎకో వీడియో కుటుంబం చేతిలో ఉన్నాయా? బిడ్డ చనిపోతే త్వరగా ఖననం చేయాలన్న ఆచారం ప్రకారం మృతదేహాన్ని ఇంటికి చేర్చే పత్రాలు, ఖర్చు ఎవరు చూస్తారు? ఈ ఆఖరి ప్రశ్న అడగడం కష్టమే, కానీ తల్లి పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు జవాబు వెతుక్కునే వ్యవధి ఉండదు. థర్మామీటరు, ఆక్సిజన్ కొలిచే వేలి మీటరు, పది సిరంజిలు, ఫోన్ రీచార్జి, రెండు ఎకోలు, ఊరి నుంచి నగరానికి టాక్సీ. ఆపరేషన్ ఖర్చు పక్కన ఇవి చాలా చిన్న మొత్తం. మీ విరాళం దీనికేనని రాసి ఇవ్వండి, సంస్థలు అలా విడిగా లెక్క పెట్టగలవు.

ఇట్లు,
పిల్లల గుండె చికిత్స విభాగాల్లో పనిచేసే నర్సులు, కుటుంబ సహాయకులు