దోమల ఫ్యాను కట్టుకునే పద్ధతి

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. నీ గది గెడ్డ కాలువ పక్కన, అదీ కింద అంతస్తు. దోమలు తప్పవు. కానీ 555 ఐసీ అనే చిన్న చిప్‌తో, మన చెవికి వినపడని శబ్దం చేసే అల్ట్రాసోనిక్ సర్క్యూట్ మాత్రం వద్దమ్మా. ఆ శబ్దానికి దోమలు పారిపోవని పరీక్షల్లో తేలిపోయింది. గాలితో దోమల్ని సంచిలోకి లాగే ఫ్యాన్ ట్రాప్ కట్టుకో. దోమ గట్టి గాలికి ఎదురెగరలేదు, దాని బలహీనత అదే.

విశాఖ డాబాగార్డెన్స్‌లో 12 వోల్టుల, 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు కొను. నెలంతా తిప్పినా కరెంటు సుమారు రెండు యూనిట్లే. ఎర్ర తీగ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. మూడో తీగ ఉంటే కొసకి టేపు చుట్టి వదిలెయ్. తీగలు తిరగేస్తే ఫ్యాను వెనక్కి తిరగదు, పాడైపోవచ్చు కూడా. గాలి రెండో వైపుకి రావాలంటే ఫ్యానునే తిప్పి పెట్టాలి. అతుకులకి టంకం వేసి ప్లాస్టిక్ గొట్టం లాంటి స్లీవ్ తొడుగు. విశాఖ ఉప్పుగాలికి ఉత్తినే మెలిపెట్టిన రాగి పచ్చబడిపోయి, ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది.

స్టిక్కరు, కమ్ములు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. అక్కడ దోమతెర గుడ్డతో మూరెడు సంచి కట్టు. రెండో వైపు టిష్యూ ముక్క పెట్టి చూడు. అంటుకుని నిలబడాలి. సంచి కట్టాక టిష్యూ జారిపోతే సంచి చిన్నదైందన్నమాట, గాలి ఆడటం లేదు. పెద్దది కుట్టు.

అసలు చిక్కు కరెంటు పోయినప్పుడు. ఫ్యాను ఆగితే పడిన దోమలన్నీ రెక్కల సందుల్లోంచి బయటికొచ్చేస్తాయి. అందుకని ఫ్యానుని నిలువుగా పెట్టి, సంచి లోపల దాని నోటికి పల్చటి పాలిథిన్ ముక్కని పై అంచు మాత్రమే అంటించు. తిరుగుతున్నప్పుడు లేస్తుంది, ఆగితే మూసుకుంటుంది. రెండు మూడు రోజులు ఆపకు, లోపలివి ఎండి చస్తాయి.

నీలం లైట్లు పెట్టకు, వాటికి దోమలకన్నా మిగతా పురుగులే ఎక్కువ వస్తాయి. దోమకి కావాల్సింది మన ఊపిరి. 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల బెల్లం కరిగించి, పావు చెంచా ఈస్టు కలిపి సీసాలో పోసి ఫ్యాను పక్కన పెట్టు. మన ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ గ్యాసే దాన్నుంచీ వస్తుంది. సీసా మూత బిగించకు, గ్యాసుకి పగిలిపోతుంది. వారానికోసారి మార్చు.

సీలింగ్ ఫ్యాను గాలి తగలని చీకటి మూల, నేలకి దగ్గరగా పెట్టు. అయినా నీ వాసనే దోమకి ఎక్కువ ఇష్టం తల్లీ, రాత్రి దోమతెర మానకు. డెంగీ దోమ పగలు కుడుతుంది, కుండీల కింద పళ్లాల్లో నీళ్లు వారం దాటనివ్వకు.

మొదటి వారం సంచిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి రాయి. పడకపోతే చోటు మార్చి చూద్దాం.

నాన్న