ఫైర్ అలారం ప్లాన్లను రెండు విడతల్లో అడగండి: అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ గారికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,
రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ.

విషయం: భవన అనుమతుల కోసం సమర్పించే ఫైర్ అలారం డ్రాయింగుల గురించి.

నమస్కారం.

నేను విజయనగరంలో ఎలక్ట్రికల్ డిజైన్ చేస్తాను. ఫంక్షన్ హాళ్లకి, హాస్టళ్లకి, నర్సింగ్ హోములకి, బట్టల షాపులకి ఫైర్ అలారం ప్లాన్లు గీయడం ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగం. ఒక్కోసారి బొబ్బిలి, రాజాం నుంచి పని వస్తుంది, ఒక్కోసారి శ్రీకాకుళం, పలాస నుంచి. ఏ ఊరి ఫైలైనా తంతు ఒకటే. మీ శాఖ అలారం ప్లాను అడిగే రోజుకి, దాన్ని సరిగ్గా గీయడానికి కావలసిన వివరాలు యజమాని దగ్గర ఉండవు, ఆర్కిటెక్టు దగ్గరా ఉండవు. ఆ వివరాలు తేలే రోజుకి ప్లాను అడిగేవాళ్లుండరు. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

1999 నాటి మన అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తుండే నివాస భవనాలకీ, 15 మీటర్లు, ఆపైన ఉండే వాణిజ్య భవనాలకీ కట్టకముందే మీ శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం గుమిగూడే చోట్లకైతే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లకి చేరినా చాలు. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ ఈ రకమే. ముందు ప్రొవిజనల్ ఎన్‌ఓసీ, దాన్ని జత చేసి ప్లాను అప్రూవల్, కట్టడం అయ్యాక ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ. ఏ భవనంలో ఏమేం ఉండాలో 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగో భాగంలోని 7వ పట్టిక చెబుతుంది. అలారం ఎలా అమర్చాలో ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. రూల్సుకి కొదవేం లేదు.

మొదటి దశలో మా చేతికి వచ్చేది ఆర్కిటెక్టు గీసిన అంతస్తుల ప్లాను. అందులో గోడలుంటాయి, మెట్లుంటాయి, లిఫ్టు ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ వేస్తారా, వేస్తే స్లాబుకి ఎంత కింద, ఏసీ గాలి ఎటు నుంచి వస్తుంది, హాలుకి మధ్యలో పార్టిషన్ కడతారా, పై అంతస్తు హాస్టల్‌కి ఇస్తారా, బ్యాంకుకి ఇస్తారా, ఇవేవీ తేలవు. అలారం మొత్తాన్ని నడిపే కంట్రోల్ ప్యానెల్ ఏ కంపెనీది కొంటారో అసలే తెలీదు. అయినా ఫైలులో అలారం షీటు ఉండాలి కాబట్టి గీస్తాం. గదికో చుక్క (పొగనో వేడినో పసిగట్టే డిటెక్టర్‌కి గుర్తు), కారిడార్‌లో కొలతేసి చుక్కలు, మెట్ల దగ్గర గాజు పగలగొట్టే ఎర్ర డబ్బా ఒకటి, అలారం మోగించే హూటర్ ఒకటి. చాలాసార్లు నిరుడు వేరే భవనానికి వేసిన షీటే పేరు మార్చుకుని మళ్లీ వస్తుంది. సెల్లారే లేని భవనం ఫైలులో సెల్లారు పంప్ రూమ్‌తో సహా రైజర్ డయాగ్రం (కింది నుంచి పై అంతస్తు దాకా లైన్లు ఎలా వెళ్తాయో చూపే బొమ్మ) ఉండటం నేను చూశాను. అది పాసైంది కూడా. పాస్ చేసిన అధికారిని తప్పుపట్టను. పట్టి చూడటానికి ఆ షీట్‌లో ఏముందని?

అసలు కథ స్లాబు పడ్డాక మొదలవుతుంది. పీవోపీ మేస్త్రి సీలింగ్ దించుతాడు. ఇంటీరియర్ వాళ్లు లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు పెడతారు. ఆఖర్న ఎలక్ట్రీషియన్ వచ్చి మిగిలిన చోట డిటెక్టర్ బిగిస్తాడు. ఆ మిగిలిన చోటు తరచుగా ఏసీ గాలి నేరుగా కొట్టే చోటే అవుతుంది. పొగ అక్కడిదాకా చేరదు, చేరినా చెదిరిపోతుంది. స్లాబుకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే ఆ ఖాళీలోనూ డిటెక్టర్ ఉండాలి, ఎందుకంటే వైర్లన్నీ పరుచుకునేది అక్కడే. మొదటి షీట్‌లో సీలింగే లేదు కాబట్టి ఆ డిటెక్టర్లూ లేవు. రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ మూతలు, ప్రారంభోత్సవం అయిపోయాక కూడా అలాగే వేలాడే హాళ్లున్నాయి. షీట్‌లో ముఖద్వారం పక్కన గీసిన ప్యానెల్ చూడ్డానికి బాగోదని సెల్లార్‌లోని కరెంటు గదిలోకి పోతుంది. ఆ గదికి తాళం. తాళం మేనేజర్ దగ్గర. మేనేజర్ భోజనానికి ఇంటికెళ్లాడు.

ఫంక్షన్ హాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. పెళ్లిలో హోమం ఉంటుంది, పక్కన సాంబ్రాణి పొగ. పొగ డిటెక్టర్‌ని సరిగ్గా మండపం నెత్తిన పెడితే మొదటి పెళ్లికే మోగుతుంది. మంగళసూత్రం కట్టే వేళ హూటర్ మోగితే పెళ్లివారు ఊరుకుంటారా? మర్నాడే యజమాని ప్యానెల్ ఆఫ్ చేయిస్తాడు, లేదా డిటెక్టర్‌కి పాలిథిన్ కవర్ చుట్టిస్తాడు. ఇక ఆ హాలుకి అలారం లేనట్టే. దీనికి మందు డిజైన్‌లోనే ఉంది. వంటశాలలో వేడికి పనిచేసే డిటెక్టర్, మండపం మీద పొగనీ వేడినీ కలిపి చూసే రకం, మిగతా హాల్లో మామూలు పొగ డిటెక్టర్. కానీ రకం మారితే దూరాలూ మారతాయి. పొగ డిటెక్టర్ అయితే హాల్లో ఏ మూల నుంచైనా దగ్గరి డిటెక్టర్‌కి 7.5 మీటర్లు మించకూడదు, వేడి డిటెక్టర్ అయితే 5.3 మీటర్లే. మండపం ఎక్కడ వేస్తారో, వంటలు ఎటు వండుతారో తెలియకుండా ఇది ఎలా గీయమంటారు?

డీజే ఇంకో తలనొప్పి. అలారం శబ్దం కనీసం 65 డెసిబెల్స్ ఉండాలి, అక్కడ అప్పటికే హోరు ఉంటే దానికన్నా 5 ఎక్కువ ఉండాలి. రిసెప్షన్ రాత్రి డీజే 100 డెసిబెల్స్‌లో మోగుతుంటే ఏ హూటరూ దాన్ని దాటలేదు. కాబట్టి అలారం రాగానే డీజేకీ స్టేజీ సౌండ్‌కీ కరెంటు దానంతటదే ఆగిపోయేలా ప్యానెల్ నుంచి రిలే (దానంతటదే పనిచేసే స్విచ్) ఇవ్వాలి. హాలు లైట్లు మాత్రం వెలుగుతూనే ఉండాలి. ఏ డిటెక్టర్ పనిచేస్తే ఏది ఆగాలి, ఏ తలుపు తెరుచుకోవాలి, లిఫ్టు ఏ అంతస్తుకి దిగాలి అన్నదంతా పట్టికగా రాస్తే ఒక్క పేజీ. మా పనిలో దాన్ని కాజ్ అండ్ ఎఫెక్ట్ చార్ట్ అంటాం. నేను చూసిన ఫైళ్లలో ఆ పేజీ ఉన్నవి అరుదు. నన్నడిగితే చుక్కల షీటు కన్నా ఆ పేజీయే ముఖ్యం.

హాస్టళ్లకి లెక్క వేరు. నిద్రలో ఉన్న మనిషి లేవాలంటే మంచం దగ్గర 75 డెసిబెల్స్ వినపడాలి. కారిడార్‌లోని హూటర్ ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది కాబట్టి నాలుగు మీటర్ల అవతల 88. మూసి ఉన్న మామూలు తలుపు ఇంకో 20 దాకా మింగేస్తుంది. పిల్లల మంచం దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 68. అంటే షీట్‌లో హూటర్ ఉంటుంది, గదిలో పిల్లలు లేవరు. గది లోపల సౌండర్ పెట్టాలా అక్కర్లేదా అన్నది గదులు ఎలా విడగొట్టారో, మంచాలు ఎటు వేస్తారో చూశాకే చెప్పగలం. ఇంటర్ కాలేజీల హాస్టళ్లు ఇన్ని ఉన్న మా ఊళ్లో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

బ్యాటరీ లెక్క చాలా ఫైళ్లలో అసలు కనపడదు. ప్యానెల్ 24 వోల్టులది కాబట్టి 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో పెడతారు. 7 ఆంపియర్ అవర్ (బ్యాటరీ ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే కొలత) ఉన్నవి రెండు పెట్టాం కాబట్టి 14 వచ్చిందని అనుకునే కాంట్రాక్టర్లున్నారు. సిరీస్‌లో పెరిగేది వోల్టేజీ, ఆంపియర్ అవర్లు 7 దగ్గరే ఉంటాయి. ఒక చిన్న ప్యానెల్ మామూలు వేళ పావు ఆంపియర్ లాగితే 24 గంటలకి 6 అవుతుంది. అలారం మోగేటప్పుడు 2 ఆంపియర్ల చొప్పున అరగంటకి ఇంకో 1. అక్కడికే 7 అయిపోయింది. పాతబడితే బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి పాతిక శాతం కలిపితే 8.75. పెట్టింది చాలదన్నమాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మీ శాఖకి నేను చెప్పనక్కర్లేదు. కొవ్వొత్తులు, డీజిల్ క్యాన్లు ఇళ్లలోకి, లాడ్జీల్లోకి వచ్చేది అలాంటి రోజుల్లోనే. బ్యాటరీ లెక్క, ప్యానెల్‌కి జనరేటర్ నుంచి వచ్చే లైను ఇక్కడి షీట్ల మీద ఉండి తీరాలి.

వాడకం మారడం ఇంకో సంగతి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన పొగకి పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది పోయారు. మా దగ్గరా అంతే, షాపుగా పాసైన అంతస్తు ఏడాది తిరక్కుండా కోచింగ్ సెంటర్ అవుతుంది. అప్పుడు అలారం ప్లాను కూడా మార్చి చూపించమని అడిగేవాళ్లుండాలి.

ఇక నా విన్నపం. ప్రొవిజనల్ ఎన్‌ఓసీ దశలో మా చేత ఉత్తుత్తి చుక్కలు పెట్టించకండి. అప్పటికి తేలేవే అడగండి. ప్యానెల్ ఎక్కడ పెడతారు, రోడ్డు మీంచి లోపలికొచ్చే ఫైర్ సిబ్బందికి అది వెంటనే దొరుకుతుందా, కేబుళ్లు పైకి వెళ్లే షాఫ్ట్ ఎక్కడ, అలారం కోసం భవనాన్ని ఎన్ని జోన్లుగా విడగొట్టారు, ఏ అంతస్తు దేనికి. ఇవి స్లాబు వేశాక మార్చలేం కాబట్టి ఇక్కడ గట్టిగా పట్టుకోండి. డిటెక్టర్ల చోట్లు, హూటర్ల శబ్దం, కేబుల్ సైజు, బ్యాటరీ లెక్క, కాజ్ అండ్ ఎఫెక్ట్ పేజీ రెండో విడతలో తీసుకోండి. కాంట్రాక్టరు, ప్యానెల్ కంపెనీ ఖరారై, సీలింగ్ పని ఇంకా మొదలుకాని సమయం దానికి సరైనది. ఆక్యుపెన్సీ తనిఖీకి వచ్చే అధికారి చేతిలో ఆ రెండో సెట్ ఉండాలి. మెయిన్ కరెంటు ఆపించి, షీట్ మీద తనకి తోచిన డిటెక్టర్లు ఎంచి, వాటికి పొగ పెట్టించి చూడాలి. హూటర్ మోగిందా అన్నదొక్కటే కాదు, ఆగాల్సినవి ఆగాయా అని కూడా.

"మళ్లీ ఇంకో అనుమతా?" అని యజమానులు గొడవ చేస్తారు, తెలుసు. పూర్తయిన సీలింగ్ పగలగొట్టి డిటెక్టర్ మార్చడం కన్నా రెండో సెట్ గీయించడం చాలా చవక, ఈ మాట వాళ్లకి మేమే చెప్పుకుంటాం. అమెరికాలో చాలా నగరాల్లో ఫైర్ అలారానికి విడిగా పర్మిట్ తీసుకుంటారు. అక్కడి ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72లో డ్రాయింగులు, పత్రాల గురించే ఒక అధ్యాయం ఉంది. వాళ్లది ఎత్తుకు రానక్కర్లేదు, అడగాల్సింది అడగడానికి మన 2189 చాలు. మీ అధికారుల మీద పని పెరుగుతుందన్నదీ నిజమే. అందుకే ఏమేం ఉండాలో చెప్పే ఒక నమూనా సెట్ మీ వెబ్‌సైట్‌లో పెట్టండి, ఒకటి హాలుకి, ఒకటి హాస్టల్‌కి, ఒకటి ఆసుపత్రికి. దానితో పోల్చి చూస్తే వాళ్లకీ తేలిక. షార్ట్‌ఫాల్ రాసేటప్పుడు లోపాలన్నీ ఒకేసారి రాయమని కూడా చెప్పండి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి బయటికి తీసే పద్ధతి వల్లే "ఫైర్ ఎన్‌ఓసీ మొత్తం ప్యాకేజీ మాదే" అనే మధ్యవర్తులకి గిరాకీ.

ఇంకొక్కటి, దీనికి ఖర్చు దాదాపు లేదు. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల సెంటర్ చుట్టుపక్కల లాడ్జీలు, షాపులు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజు ప్యానెల్ దగ్గర నిలబడేది వాచ్‌మన్. ప్యానెల్ మీద ఇంగ్లీషులో లూప్ 1, డివైస్ 47 అని వస్తే అది ఏ గదో అతనికెలా తెలుస్తుంది? ప్రతి ప్యానెల్ పక్కన తెలుగులో జోన్ల పట్టిక, అంతస్తుల మ్యాపు అద్దంలో బిగించి ఉండాలని, ఆ మ్యాపు రెండో విడత డ్రాయింగుల్లో భాగంగానే రావాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి.

రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో, ముందు ఫంక్షన్ హాళ్లకీ హాస్టళ్లకీ అమలు చేసి చూడండి. నమూనా సెట్లు గీయడానికి నేను సిద్ధం, డబ్బులేం అక్కర్లేదు. మీ జిల్లా అధికారి పిలిస్తే ఐఎస్ 2189, లెక్కల కాగితాలు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ డిజైనర్,
విజయనగరం.