మెక్సికో నగరంలో మా అమ్మకు కడుపునిండా తినిపించిన ఇద్దరికి కృతజ్ఞతలు

మొన్నామధ్య అమ్మనూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకొని డాలస్ నుంచి మెక్సికో నగరానికి వెళ్లినప్పుడు, అక్కడ వీధి తిండి రుచి చూపిస్తూ తిప్పే ఇద్దరు స్థానిక గైడ్లు మాకు చేసిన సాయాన్ని నలుగురిలో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒకరు యాభై దాటిన ఆవిడ, మరొకరు ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. అడగకుండా పేర్లు రాయడం మర్యాద కాదు కనుక రాయడం లేదు. వారికి స్పానిష్‌లో ఉత్తరం విడిగా పంపాను.

మా అమ్మ బుద్ధెరిగిన నాటినుంచి గుడ్డు కూడా ముట్టలేదు. మెక్సికో సంప్రదాయ వంటకు 2010లో యునెస్కో గుర్తింపు దక్కిందనీ, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, మిరప ఆ వంటకు ఆధారమనీ చదివి, మూడూ శాకాహారమే కదా అన్న ధీమాతో బయలుదేరాను. ఆ ధీమా మొదటి రోజే పోయింది. ఒక భోజనశాలలో మాంసం వద్దని చెప్పి తెప్పించిన ఎర్రటి అన్నం అమ్మ సగం తిన్నాక, అది కోడి ఉడికించిన నీళ్లతో వండినదని తెలిసింది. ముక్క లేదు గనుక వారి లెక్కలో అది మాంసం లేని అన్నమే. సరిగా అడగడం చేతకాని తప్పు నాదే. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ రోజంతా అరటిపళ్లతోనే సరిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఈ సంగతి చెప్పగానే, మా గైడ్ ఆవిడ రోడ్డు పక్కనే నిలబడి, తాము రోజూ తిప్పే దారిని మాకోసం మార్చేశారు. అరుదైన మాంసాలకు పేరుపడ్డ సాన్ హువాన్ మార్కెట్టును వదిలేశారు. ప్రతి బండి దగ్గరా తానే ముందు వెళ్లి, మాకు తట్టనే తట్టని మాట ఒకటి అడిగేవారు: ‘మంతేకా?’ అంటే పందికొవ్వు. మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెల పిండిలోనూ, వేయించి మెదిపిన చిక్కుడు గింజల్లోనూ అది తరచుగా ఉంటుందట; పైకి చూస్తే ఏమీ తెలియదు. అవునన్న చోట నవ్వుతూ నమస్కారం చెప్పి మమ్మల్ని ముందుకు నడిపించేవారు. అలా నాలుగు బండ్లు దాటాం.

ఐదో చోట, పేవ్‌మెంటు మీద బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న ఒక పెద్దావిడ త్లకోయోలు చేస్తున్నారు. నీలి మొక్కజొన్న పిండి ముద్దలో ఉడికించి మెదిపిన గింజల పూర్ణం పెట్టి, రెండు అరచేతుల మధ్య తడుతూ కోలగా సాగదీస్తుంటే, అమ్మ ‘బొబ్బట్టు చేసినట్టే ఉందే’ అంది. మా గైడ్ అడిగిన మీదట ఆ పెద్దావిడ పెనంలో ఒక మూల గీకి, తుడిచి, అమ్మవి అక్కడ విడిగా కాల్చారు. పైన వేసింది నాగజెముడు ముక్కలు. ముళ్లు చెక్కేసి ఉడికించిన ఆ ముక్కలకు బెండకాయ జిగురు ఉంటుంది. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి నానబెడితే పొట్టు వదిలి, పిండి ముద్దకడుతుందని ఆవిడ వివరిస్తే, నేను మధ్యలో తెలుగు చేస్తూ ఉంటే, అమ్మ రెండోది కూడా తినేసింది.

ఆ సమయంలోనే కుర్రాడు తమ్ముణ్ణీ నన్నూ వీధి చివరికి తీసుకెళ్లి చిన్న మొక్కజొన్న రొట్టెల్లో పందిమాంసం ముక్కలు పెట్టి ఇచ్చే తాకోస్ అల్ పాస్తోర్ తినిపించాడు. లెబనాన్ నుంచి వలస వచ్చినవారి షవర్మా నుంచి పుట్టిన వంటకమట అది. బాగుంది, కానీ నా మనసంతా అమ్మ పళ్లెం మీదే ఉంది.

తరవాత ‘హమైకా’ అనే ఎర్రటి చల్లని పానీయం ఇప్పించారు. ఒక గుక్క తాగి అమ్మ ‘ఇది గోంగూర పులుపు’ అంది. నిజమే, అది మన ఎర్రగోంగూర మొక్కే; కాయ చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకులను ఎండబెట్టి నానబెడతారు. ఆ ఆకుతో మేం పచ్చడి చేసుకుంటామని చెబితే గైడ్ నమ్మలేదు, ఫోనులో ఫొటో చూపించాల్సి వచ్చింది.

అనుకున్న మూడు గంటలు ఐదయ్యాయి. అదనంగా ఒక్క పెసో తీసుకోలేదు. విడిపోయే ముందు ఆవిడ తన పుస్తకంలోంచి కాగితం చించి, మాంసం, కోడి, చేప, గుడ్డు, పందికొవ్వు, కోడి ఉడికించిన నీళ్లు, ఇవేవీ ఈమె తినదని పెద్ద అక్షరాలతో స్పానిష్‌లో రాసి అమ్మ చేతిలో పెట్టారు. మూడు రోజుల తరవాత ప్యూబ్లా అనే మరో నగరంలో ఒక బండి ఆవిడ ఆ చీటీని రెండుసార్లు చదువుకొని, తన గిన్నె మీద మూత పెట్టేసి, ఎదురుగా ఉన్న బండి వైపు చెయ్యి చూపించింది. అమ్మ అక్కడ తింది.

అమ్మ వచ్చే వారం తెనాలికి వెళ్లిపోతోంది. ఆ చీటీ నాలుగు మడతలతో ఇంకా ఆమె పర్సులోనే ఉంది. అక్కడ దానితో పనేముందని అడిగితే, ఉండనీ అంటోంది.