గుర్రం స్లైడ్లని చెప్పి పశువుల ముక్కలు పంపారు, డబ్బు వాపసు ఇవ్వండి

మేనేజర్ గారికి,

తిరుపతిలో పశువైద్యం చదివే పిల్లలకు హిస్టాలజీ (కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే శాస్త్రం) చెబుతుంటాను. మీ దగ్గర కొన్న 'జన్‌స్కారీ గుర్రం – ఆడ జననేంద్రియాలు' స్లైడ్ల సెట్ (జన్‌స్కారీ అంటే లద్దాఖ్ గుర్రాల జాతి) గురించి ఫోన్‌లో ఇప్పటికే మొత్తుకున్నాను. మీ కస్టమర్ కేర్ అబ్బాయి "మైక్రోస్కోప్ ఫోకస్ ఒకసారి సరిచేసుకోండి మేడమ్" అన్నాడు. ఫోకస్ బాగానే ఉంది, అందుకే ఈ లేఖ రాయాల్సి వస్తోంది.

ముందు అండాశయం సంగతి. ఆవు, గేదె, మేక ఏది తీసుకున్నా ఫాలికల్స్ (అండాలు పెరిగే తిత్తులు) ఉండే కార్టెక్స్ బయటి వైపు, రక్తనాళాలుండే మెడుల్లా లోపలి వైపు ఉంటాయి. గుర్రంలో ఇది తిరగబడి ఉంటుంది. రక్తనాళాల భాగం బయట చుట్టుకుని, ఫాలికల్స్ ఉండే భాగం లోపలికి పోతుంది, అండం బయటపడడానికి ఓవ్యులేషన్ ఫోసా అనే ఒకే ఒక్క గుంట ఉంటుంది, ఆ గుంట దగ్గర తప్ప పైన జెర్మినల్ ఎపిథీలియం (అండాశయాన్ని కప్పే కణాల పొర) ఉండదు, మిగతాదంతా పొట్టలోని అవయవాలను కప్పే పెరిటోనియం పొరే. గుర్రం అండాశయం అనగానే మేం పిల్లలకు మొట్టమొదట చెప్పేది ఇదే. మీ స్లైడులో చూస్తే అంచు వెంబడి చుట్టూతా ప్రైమార్డియల్ ఫాలికల్స్ (ఇంకా ఎదగని తొలిదశవి) బారులు తీరి ఉన్నాయి, వాటి పైన జెర్మినల్ ఎపిథీలియం కూడా శుభ్రంగా కనిపిస్తోంది. పుట్టిన కొత్తలో గుర్రంపిల్లకి కూడా ఇలాగే ఉంటుంది, పెరిగేకొద్దీ తిరగబడుతుంది అని మీరు సాకు చెప్పొచ్చు. లేబుల్ మీద వయసు ఏడేళ్లని రాసింది మీరే కదా.

గర్భాశయం స్లైడు ఇంకా ఘోరం. గుర్రం ఎండోమెట్రియంలో (గర్భాశయం లోపలి పొరలో) కరంకుల్స్, అంటే మాయ అతుక్కునే బొడిపెలు, ఉండవు, దాని మాయ గర్భాశయం లోపలి గోడ అంతటా పరుచుకుని అతుక్కుంటుంది కాబట్టి ఆవుకున్నట్టు ప్రత్యేకంగా బొడిపెల అవసరం లేదు. పై పొర కింద దట్టంగా స్ట్రాటం కాంపాక్టం, దాని కింద వదులుగా స్ట్రాటం స్పాంజియోసం, అందులో మెలికలు తిరిగిన గ్రంథులు, ఎక్కడ కోసినా ఇదే కనిపించాలి. మీరు పంపినదాంట్లో నడిమధ్యలో ఒక్క గ్రంథి కూడా లేని దిబ్బ ఒకటి ఉబ్బెత్తుగా కూర్చుని ఉంది. అది కరంకుల్ కాక మరేమిటి? ఆవుదో గేదెదో మీకే తెలియాలి. ఆవు గర్భాశయమే కావాలంటే పాడికి పేరున్న ఈ చిత్తూరు వైపు మాకు కరువా, గుర్రం రేటు పెట్టి మీ దగ్గర కొనుక్కోవాలా?

అండవాహిక స్లైడైతే ఏ జంతువుదో చెప్పే స్థితిలోనే లేదు. ఎపిథీలియం ఊడిపోయి మధ్యలో కుప్పగా పడి ఉంది, సీలియా (సన్నని నూగు) ఉన్న కణాలేవో స్రవించే కణాలేవో పోల్చుకోలేం. చచ్చిన చాలాసేపటికి తీసిన ముక్క ఇలాగే ఉంటుంది. దానికి తోడు కణజాలమంతా గోధుమ నలుపు నలకలు. అది ఫార్మలిన్ పిగ్మెంట్, ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం ఆమ్లంగా ఉన్నప్పుడు పడేది. మీ కేటలాగ్‌లో మాత్రం '10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్', అంటే ఆమ్లం కానిది, అని గొప్పగా వేశారు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను, ఇది కస్టమర్ కేర్ వాళ్లకి కాదు, మీ టెక్నికల్ వాళ్లకి. గుర్రమా ఆవా అనేది స్లైడు చూసి నేను చెప్పగలను. జన్‌స్కారీనా, మార్వాడీనా, జట్కాబండికి కట్టిన ఊరి గుర్రమా అనేది స్లైడు చూసి ఎవరూ చెప్పలేరు, ఎండోమెట్రియం మీద జాతి పేరు రాసి ఉండదు. దానికి ఆధారం మీ లేబులూ, దాని వెనక ఉన్న రికార్డూ మాత్రమే. రెండు స్లైడ్లలో జంతువునే మార్చేసినవాళ్లు మిగతా స్లైడ్ల మీద రాసిన జాతిని నేను ఏ ధైర్యంతో నమ్మాలి? పైగా మన దేశంలో గుర్రాన్ని మాంసానికి కోసే అలవాటు లేదు, చనిపోయిన జంతువు దొరికితేనో బయాప్సీ తీస్తేనో తప్ప ముక్క దొరకదు, అందులోనూ లద్దాఖ్ కొండల్లో ఉండే అరుదైన జాతి. అందుకే ఆ పేరుకి మేం మామూలు సెట్ కంటే ఎక్కువ డబ్బు కట్టాం. పుంగనూరు ఆవు పుట్టిన ప్రాంతం మాది, పలమనేరు ఫారంలో ఆ మందని ఎంత జాగ్రత్తగా కాపాడుకొస్తున్నారో చూస్తున్నవాళ్లం. అరుదైన జాతి పేరు పెట్టి ఏదో ఒకటి అంటగడితే మాకు కోపం కొంచెం ఎక్కువే వస్తుంది.

ఇంకో మాట, లేబుల్ మీద ఏ నెలలో తీశారో లేదు. గుర్రం పగటి పొద్దు పెరిగే కాలంలో ఎదకు వచ్చే జంతువు, చలికాలంలో చాలావాటికి గ్రంథులు చిక్కిపోయి, ఎపిథీలియం పొట్టిగా అయిపోయి కనిపిస్తుంది. నెల తెలియకపోతే నిజమైన గుర్రం స్లైడే అయినా అది కాలం ప్రభావమా జబ్బా అని పిల్లలకి ఎలా చెప్పను?

సెట్ మొత్తానికి డబ్బు వాపసు ఇవ్వండి. మార్చి వేరే స్లైడ్లు పంపుతామంటే ఒప్పుకోను, ప్రతి స్లైడుకీ జంతువు ఎక్కడిది, వయసు, తీసిన నెల, చనిపోయిన ఎంతసేపటికి తీశారు, ఏ అనుమతితో తీశారు అనే కాగితాలు కూడా ఉంటే అప్పుడు చూద్దాం. తక్కువ, ఎక్కువ మాగ్నిఫికేషన్లలో తీసిన ఫొటోలు దీనితో జతచేస్తున్నాను, మీ దగ్గర అనాటమీ తెలిసినవాళ్లు ఎవరున్నా చూపించండి. జవాబు ఫోన్‌లో వద్దు, కాగితం మీద సంతకంతో కావాలి. మీరు నానబెడితే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే చోటే వేయొచ్చు, మీ ఊరిదాకా రానక్కర్లేదు. స్లైడ్లు తిప్పి పంపే కొరియర్ ఖర్చు కూడా మీదే.

ఇట్లు,
మీ కస్టమర్, తిరుపతి