టీఏ దరఖాస్తులో మార్కుల కన్నా ముందు చూడవలసినది

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇస్తున్న సలహాల్లో, డిగ్రీ చదువుతూనే టీచింగ్ అసిస్టెంట్‌గా, అంటే వాడుకలో టీఏగా, పనిచేసే అవకాశం గురించిన ప్రస్తావన ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. సంతోషమే. అయితే ఆ ప్రస్తావన ప్రతిసారీ రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది: చేతిఖర్చులకు కాస్త డబ్బు వస్తుందని ఒకటి, రెజ్యూమెలో ఒక వరుస పెరుగుతుందని రెండవది. రెండూ నిజమే. కానీ ఈ రెండింటినే మనసులో పెట్టుకుని రాసిన దరఖాస్తు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మొదటిసారి అలాంటి దరఖాస్తే రాసి, ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్ళకుండానే తిరస్కరణ అందుకుని, మరుసటి సెమిస్టర్‌లో ఎంపికై, మూడు సెమిస్టర్లు టీఏగా పనిచేసి, ఇప్పుడు బోధకురాలిగా ఆ దరఖాస్తులను చదివే పనిలో ఉన్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ తరగతిలో వందలమంది విద్యార్థులు ఉంటారు, పాఠం చెప్పేవారు ఒక్కరే ఉంటారు. పాఠం అర్థమైందనుకుని వెళ్ళిన విద్యార్థి రాత్రి పదకొండు గంటలకు తన కోడ్ నడవక, తెరమీద వచ్చిన ఎర్ర అక్షరాలకు అర్థం తెలియక కూర్చున్నప్పుడు, పక్కన కూర్చుని వినే మనిషి కావాలి. ఆ మనిషి నిన్నగాక మొన్న అదే కోర్సు చదివినవాడైతే, ఆ ఎర్ర అక్షరాలు చూసి తాను బెదిరిన సంగతి అతనికింకా గుర్తుంటుంది. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న ప్రొఫెసర్‌కు అది గుర్తుండదు. అది ఆయన తప్పు కాదు, అలవాటు చేసే పని. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఆండ్రీస్ వాన్ డామ్ 1960లలోనే డిగ్రీ విద్యార్థులను టీఏలుగా తీసుకోవడం మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో సెక్షన్ లీడర్లనే పేరుతో నడిచే కార్యక్రమంలో కొత్తవారిని ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసే పని కూడా చాలావరకు విద్యార్థులదే. అక్కడ దరఖాస్తు చేయడానికి కంప్యూటర్ సైన్స్ ప్రధాన విషయంగా తీసుకుని ఉండాలన్న నియమం లేదు; ప్రవేశ స్థాయి కోర్సులు చదివి ఉంటే చాలు.

తోటి విద్యార్థి చేత చెప్పించడం కంప్యూటర్లతో పుట్టిన పద్ధతి కాదని ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మద్రాసులోని ఒక అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించిన తన ప్రయోగాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా ప్రచురించగా, అది మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే ఇంగ్లండులో వ్యాపించింది. వీధిబడిలో పంతులుగారి తరువాత పెత్తనం చేసే చట్టాంబిళ్ళ అన్న మాట మన నిఘంటువుల్లో ఇంకా ఉంది. అయితే చట్టాంబిళ్ళకు బెత్తం ఇచ్చేవారు; టీఏకు ఇవ్వవలసినది అది కాదు.

ఇక నా మొదటి దరఖాస్తు సంగతి. ఫారంలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఈ కోర్సుకే ఎందుకు దరఖాస్తు చేస్తున్నారు, ఎవరికైనా ఏదైనా నేర్పిన సందర్భం ఒకటి చెప్పండి, మీకు ఈ కోర్సులో కష్టమనిపించిన అంశం ఏమిటి. మొదటిదానికి నా గ్రేడ్ రాశాను. రెండవదానికి నాకు వచ్చిన ప్రోగ్రామింగ్ భాషలన్నీ వరుసగా రాశాను. మూడవదానికి, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది, "ప్రత్యేకంగా ఏదీ లేదు" అని రాశాను. అది అబద్ధం. రికర్షన్ నాకు పది రోజులపాటు తలకెక్కలేదు. తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఎక్కడ ఆగుతుందో తెలియక, ఆగవలసిన షరతు రాయడం మరచి, పైథాన్ భాష తన మామూలు హద్దయిన 1000 పిలుపుల దగ్గర విసుగెత్తి ప్రోగ్రామును ఆపేస్తే, భాషలోనే ఏదో లోపం ఉందనుకున్నదాన్ని. ఆ పది రోజుల సంగతి రాసి ఉంటే నన్ను తప్పక పిలిచేవారని ఇప్పుడు అవతలి కుర్చీలో కూర్చున్నాక అర్థమవుతోంది. కష్టమేదీ లేదన్న మనిషి, కష్టపడుతున్న మరొకరి పక్కన కూర్చుని ఏం వింటాడు?

రెండవసారి ఆ పది రోజుల గురించే రాశాను, పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూలో ఐదు నిమిషాల మాదిరి పాఠం చెప్పమన్నారు. రికర్షనే ఎంచుకున్నాను. అప్పటికే టీఏగా ఉన్న ఒక సీనియర్ ఏమీ తెలియని విద్యార్థినిగా నటిస్తూ ఎదురుగా కూర్చుంది. నేను బోర్డు మీద ఫ్యాక్టోరియల్ ఫంక్షన్, అంటే ఒక సంఖ్యను దాని కింది సంఖ్యలన్నిటితో 1 దాకా గుణించేది, గబగబా రాసి, ఇంకా పూర్తికాని పిలుపులను ఒకదానిపై ఒకటి పేర్చి ఉంచే కాల్ స్టాక్ అన్న మాట ఎత్తగానే ఆమె చెయ్యి ఎత్తింది: "ఐదు లెక్కకట్టడానికి నాలుగును పిలిచింది కదా, మరి ఆ ఐదు ఎక్కడికి పోయింది?" నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు కాల్ స్టాక్ అన్న ఆ మాటే, అదే ఆమెకు తెలియదు. కాసేపు తడబడి, నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఐదు చీటీలు చేశాను. మొదటి చీటీ మీద "5 ఇంటూ ఎంతో" అని రాసి బల్లమీద పెట్టి, దానిమీద "4 ఇంటూ ఎంతో" అన్న చీటీ, ఇలా ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ వెళ్ళి, అన్నిటికన్నా పైన ఉన్న చీటీ మీద 1 అని మాత్రమే రాశాను. ఐదు ఎక్కడికీ పోలేదు, అడుగున ఎదురుచూస్తోంది అన్నాను. తరువాత పై నుంచి ఒక్కొక్క చీటీ తీస్తూ 2, 6, 24 అని ఆమె చేతనే చెప్పించాను. అడుగు చీటీ దగ్గరకు వచ్చేసరికి 120 అని తానే అంది. ఐదు నిమిషాలు దాటిపోయాయి, పాఠం సగం కూడా కాలేదు, అయినా నన్ను ఎంపిక చేశారు.

ఎంపికైన తరువాత నేర్చుకున్న మొదటి నియమం, విద్యార్థి కీబోర్డును టీఏ ముట్టుకోకూడదన్నది. వినడానికి చిన్న విషయంగా ఉంటుంది కానీ ఇంత కష్టమైన నియమం మరొకటి లేదు. ఒక కుర్రాడు తన ఆటలోని స్కోర్ల జాబితాను మార్చేముందు పాతదాన్ని దాచుకోవాలని, "పాత" అన్న పేరుకు ఆ జాబితాను అప్పగించి, ఆ తరువాత అసలు జాబితాను మార్చాడు. పాతది కూడా మారిపోయింది. కంప్యూటర్ పాడైందన్నంత ధీమాగా వచ్చాడు. తప్పు నాకు ఒక్క చూపులో కనిపించింది, చెయ్యి కీబోర్డు మీదికి పోయింది, పక్కనున్న సీనియర్ గొంతు సవరించుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడ ఎన్ని జాబితాలు ఉన్నాయి?" అని అడిగాను. రెండన్నాడు. బొమ్మ గీయమంటే రెండు గళ్ళు గీశాడు. వస్తువు గుర్తింపు సంఖ్యను చూపే ఐడీ అనే ఫంక్షన్ ఒకటి ఉందని చెప్పి, రెండు పేర్లకూ దాన్ని ప్రయోగించి చూడమన్నాను. రెండుసార్లూ ఒకే సంఖ్య వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, తన బొమ్మలో రెండవ గడిని కొట్టేసి, రెండు పేర్ల నుంచీ మొదటి గడికే బాణాలు గీశాడు. నేను దిద్ది ఉంటే అర నిమిషంలో అయ్యే పనికి ఇరవై నిమిషాలు పట్టింది, బయట వరుసలో ఉన్నవారు విసుక్కున్నారు. వారి విసుగూ న్యాయమైనదే. అసైన్‌మెంట్ గడువుకు ముందురోజు ఈ రెండు న్యాయాల మధ్య నలగడమే టీఏ పని.

కనుక, గ్రేడ్ ఎంత ఉండాలి అని నన్ను అడిగే విద్యార్థులకు నేను చెప్పేదేమిటంటే, కోర్సు అంశాలు పొరపాటు లేకుండా చెప్పగలిగినంత రావాలి, అంతకుమించినది అలంకారమే. విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, ఒక్కరికొక్కరుగా కూర్చుని చెప్పించుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోయాడు. తరువాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనిపించలేదు కానీ, పక్కన కూర్చుని చెప్పడం వల్ల మేలుందన్న విషయంలో మాత్రం వివాదం లేదు. పక్కన కూర్చునే ఆ ఓపిక మార్కుల జాబితాలో కనబడదు. కొన్ని విభాగాలు దరఖాస్తులు రాగానే గ్రేడు హద్దు గీసి దాని కిందివన్నీ చదవకుండానే పక్కన పెట్టేస్తాయి. వందల దరఖాస్తులు వచ్చినచోట అది సులువైన మార్గమని ఒప్పుకుంటాను. కానీ ఆ హద్దుకు కాస్త కింద ఉండిపోయే విద్యార్థే, తాను ఎక్కడ పడి ఎలా లేచాడో చెప్పగలిగేవాడని నా అనుభవం. కనీసం ఆ మూడవ ప్రశ్న జవాబు చదివాకే హద్దు గీయాలని నా వాదన.

ఈ పనిలో పాఠం చెప్పడమే కాక దిద్దడం కూడా ఉంటుంది, దరఖాస్తుదారులు దీని గురించి ఆలోచించకుండానే వస్తారు. మార్కుల పద్ధతి ముందే రాసి ఇస్తారు, దాని ప్రకారమే వేయాలి. జాలి కలిగినా, కోపం వచ్చినా. స్నేహితుని పేపరు తన వంతుకు వస్తే ముందే చెప్పి మరొకరికి ఇప్పించాలి. ఎవరికెన్ని వచ్చాయో హాస్టల్ గదిలో నోరు జారకూడదు. అలెక్స్ ఐకెన్ 1994లో రూపొందించిన మాస్ అనే వ్యవస్థ, వేరియబుల్ పేర్లు మార్చినా సరే, రెండు ప్రోగ్రాముల పోలికను పట్టిస్తుంది. కానీ పోలిక ఉన్నంత మాత్రాన కాపీ అని తేల్చే అధికారం టీఏది కాదు, దాన్ని ప్రొఫెసర్ దృష్టికి తేవడం వరకే. రెండో ఏడాది చదువుతున్న విద్యార్థి మీద ఇది తేలికైన బరువు కాదు. ఇంటర్వ్యూలో, "మీ గదిలో ఉండే స్నేహితుడు గడువు దాటాక ఒక్క సహాయం చేయమంటే ఏం చేస్తారు?" అని తప్పక అడుగుతాను. వెంటనే గట్టిగా "ఒప్పుకోను" అనేవారికన్నా, కాస్త ఇబ్బందిపడి ఆలోచించి చెప్పేవారి మాటే నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, ఇంకా టీఏలు ఎందుకని అడిగేవారు ఎక్కువయ్యారు. హార్వర్డ్‌లోని సీఎస్50 కోర్సు 2023లో తన విద్యార్థుల కోసం బాతు బొమ్మ రూపంలో ఒక కృత్రిమ మేధ సహాయకుణ్ణి తయారుచేసింది. జవాబు నేరుగా చెప్పకుండా దారి చూపేలా ఆ బాతును మలిచారు. చూడండి, యంత్రానికి కూడా ముందు నేర్పవలసి వచ్చింది కీబోర్డు ముట్టుకోవద్దన్న ఆ నియమమే. అక్కడ టీఏలను మాత్రం తీసేయలేదు. చాట్‌జీపీటీ దరఖాస్తుల మీద చూపిన ప్రభావం గురించి మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. ఈమధ్య వస్తున్న జవాబుల్లో సగానికి పైగా "బోధన పట్ల నాకు గల అపారమైన అభిరుచి" తోనే మొదలై, ఒకే తీరున, ఒకే నునుపుతో సాగుతున్నాయి. చీటీలు చింపినవారు గానీ, ఎదుటివారి ప్రశ్నకు తడబడినవారు గానీ అందులో ఉండరు. చెల్లెలికి లూప్ చెప్పబోయి, తనకే సరిగా రాదని తెలుసుకున్నానని వచ్చీరాని వాక్యాల్లో రాసిన ఒక అమ్మాయి దరఖాస్తును పోయిన సెమిస్టర్‌లో అన్నిటికన్నా పైన పెట్టాను.

వేళల గురించి క్లుప్తంగా. ఫారంలో వారానికి ఇన్ని గంటలని రాసి ఉన్నా, గడువు వారాల్లో అది పెరుగుతుంది; తన పరీక్షలూ అదే వారంలో పడతాయి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే మన పిల్లలు, తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ పనులన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటరాదన్న నియమాన్ని గుర్తుంచుకోవాలి. గ్రంథాలయంలో మరో పని ఒప్పుకుని దీనికీ సరే అన్నవారు తరువాత చిక్కుల్లో పడతారు. విభాగాలు కూడా జీతం, గంటలు, దిద్దవలసిన పేపర్ల సంఖ్య ప్రకటనలోనే స్పష్టంగా వేస్తే బాగుంటుంది. గౌరవం పేరుతో గంటలు దాచడం మర్యాద కాదు.

చివరిగా మీకు ఒక వినతి. చాలాచోట్ల వచ్చే సెమిస్టర్‌కు కావలసిన టీఏల దరఖాస్తులను ఈ సెమిస్టర్ మధ్యలోనే పిలిచి, పరీక్షలు మొదలయ్యేలోపు ఎంపిక ముగిస్తారు. ఫలితాలు వచ్చాక, తమ గ్రేడు చూసుకుని ధైర్యం తెచ్చుకుని అడిగేవారికి అప్పటికే ఆలస్యమవుతుంది. మీ చదువుల పేజీలో ఈ అవకాశం గురించి మళ్ళీ రాసినప్పుడు, విభాగం వెబ్‌సైటులో ఆ తేదీని సెమిస్టర్ మొదటి నెలలోనే చూసుకోవాలని, గ్రేడు కోసం ఎదురుచూడనక్కరలేదని ఒక వాక్యం చేర్చగలరని కోరుతున్నాను.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ బోధించే ఒక పాఠకురాలు