రెండోది చింపితే మొదటిది లేచిరాదు

సంపాదకులకు,
కొత్త వీలునామా రద్దు చేస్తే పాతది దానంతటదే అమల్లోకి వస్తుందని తిరుపతిలో చాలామంది అనుకుంటారు. రాదు. రెండోదాంట్లో 'ఇంతకుముందు రాసినవన్నీ రద్దు' అని ఉంటే, ఆ సంతకంతోనే మొదటిది పోయింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 73వ సెక్షన్ ప్రకారం పాతది కావాలంటే ఇద్దరు సాక్షులతో మళ్లీ రాయాలి, లేదా దాన్నే పునరుద్ధరిస్తున్నట్టు అనుబంధ వీలునామా రాయాలి. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అనవసర ఖర్చు.

రిజిస్టరైనదాన్ని ఇంట్లో చింపి ఊరుకోవడం ఇంకో తలనొప్పి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామాలు నమోదు చేసే 3వ పుస్తకంలో నకలు ఉండనే ఉంటుంది. రాసినవారు పోయాక అది పట్టుకుని కోర్టుకెక్కుతారు. రద్దు పత్రాన్నీ రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

– ఒక దస్తావేజు లేఖరి, తిరుపతి